కొండ నడకా, పల్లె పబ్బూ: ఈడేల్‌లో ఒక రోజు ప్లాన్ చేసుకోవడం ఎలా

ఇంగ్లండ్ పల్లెటూరి పబ్‌లో డీజే ఉండడు, ఎంట్రీ ఫీజు ఉండదు, చాలాచోట్ల ఆర్డర్ తీసుకోవడానికి వెయిటర్ కూడా రాడు. మనవాళ్ళు ఇబ్బంది పడేది ఈ మూడో సంగతి దగ్గరే. ఖాళీ టేబుల్ చూసుకుని కూర్చుంటారు, ఎవరో ఒకరు మెనూ తెస్తారని ఎదురుచూస్తారు. అరగంటకి విషయం అర్థమై కౌంటర్ దగ్గరికి వెళ్తే "కిచెన్ ఈజ్ క్లోజ్డ్" అంటారు. పొద్దున్నించీ కొండెక్కి దిగిన కాళ్ళతో ఆ మాట వినడం ఏమంత బాగుండదు.

మాంచెస్టర్, షెఫీల్డ్ చుట్టుపక్కల చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ళు కారు లేకుండా పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయగలిగిన చోటు ఈడేల్. పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులో ఉన్న చిన్న పల్లె. బ్రిటన్ మొత్తానికీ మొదటి నేషనల్ పార్కు ఇదే, 1951లో ఏర్పడింది. ఊళ్ళో రైల్వే స్టేషన్ ఉంది, రెండు పబ్‌లు ఉన్నాయి. స్టేషన్‌కి దగ్గర్లో ర్యాంబ్లర్ ఇన్, ఊరి పైకొసన ఓల్డ్ నాగ్స్ హెడ్. 268 మైళ్ళ పెన్నైన్ వే కాలిబాట మొదలయ్యేది ఈ రెండో పబ్ ముందు నుంచే. 1965లో తెరిచిన ఆ బాట స్కాట్లండ్‌లోని కిర్క్ యెథమ్‌లో ముగుస్తుంది. అక్కడా చివర ఉన్నది పబ్బే. కింద చెప్పిన పద్ధతి లేక్ డిస్ట్రిక్ట్‌లోనో, యార్క్‌షైర్ డేల్స్‌లోనో పబ్‌కి వెళ్ళినా దాదాపు ఇలాగే పనికొస్తుంది.

ముందు వంటగది వేళ, ఆ తర్వాతే నడక

రోజు ప్లాన్ వేసేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు నడవాలి అనే దగ్గర మొదలుపెట్టకండి. పబ్‌లో వంట ఎప్పుడు ఆపేస్తారో కనుక్కుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేయండి. పబ్ తెరిచి ఉన్నంతసేపూ భోజనం దొరకదు. చాలా పల్లె పబ్‌లలో మధ్యాహ్నం వంట 12కి మొదలై రెండు, రెండున్నరకి ఆగిపోతుంది, మళ్ళీ సాయంత్రం 6కి మొదలై ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా నడుస్తుంది. మధ్యలో దొరికేవి క్రిస్ప్స్ ప్యాకెట్లు (మన ఆలూ చిప్స్) మాత్రమే. కొన్ని పబ్‌లలో వారాంతం రోజంతా వండుతారు. ఆదివారం చాలాచోట్ల రోస్ట్ (కాల్చిన మాంసం, కూరగాయల భోజనం) మాత్రమే పెట్టి, సాయంత్రానికి ముందే వంటగది కట్టేస్తారు. సోమ, మంగళవారాల్లో, అందులోనూ చలికాలంలో, పబ్బే తీయకపోవచ్చు. గూగుల్‌లో కనపడే వేళలు సాధారణంగా పబ్‌వి, వంటగదివి కావు. ముందురోజు ఫోన్ చేసి "వాట్ టైమ్ డు యు స్టాప్ సర్వింగ్ ఫుడ్?" అని అడగడం ఒక్కటే నమ్మకమైన దారి. ఆరుగురికి మించి వెళ్తుంటే అదే ఫోన్లో టేబుల్ కూడా చెప్పి పెట్టండి. ఆదివారం మధ్యాహ్నమైతే ఇద్దరే అయినా చెప్పి పెట్టండి.

ఇక లెక్క. నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రమే ఇప్పటికీ వాడతారు: ప్రతి 5 కిలోమీటర్లకీ ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ మరో గంట. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి సరిపోయే నడక ఇది: ఈడేల్ నుంచి హోలిన్స్ క్రాస్‌కి ఎక్కి, గట్టు మీదుగా 517 మీటర్ల మామ్ టార్ చేరి, బార్బర్ బూత్ వైపు దిగి, పొలాల మధ్య నుంచి ఊళ్ళోకి తిరిగి రావడం. సుమారు 9 కిలోమీటర్లు, 300 మీటర్ల దాకా ఎక్కుడు. సూత్రం ప్రకారం రెండు గంటల ఇరవై నిమిషాలు అవుతుంది. ఫోటోలు, టిఫిన్, ఊపిరి తీసుకోవడం కలిపితే మూడుంపావు. వంటగది రెండున్నరకి ఆగుతుందంటే మీరు ఒకటి ముప్పావుకి కౌంటర్ ముందు ఉండాలి. అంటే పదిన్నరకి నడక మొదలవ్వాలి, పదింబావుకి ఈడేల్‌లో దిగాలి. మాంచెస్టర్ నుంచి రైలు ముప్పావు గంట, షెఫీల్డ్ నుంచి సుమారు అరగంట.

కిండర్ స్కౌట్ అనే పెద్ద కొండ మీదికి, అంటే జేకబ్స్ ల్యాడర్ మెట్ల దారిలో ఎక్కి గ్రైండ్స్‌బ్రూక్ వైపు దిగే పెద్ద నడకకి వెళ్ళేట్టయితే మధ్యాహ్నం భోజనం మీద ఆశ వదులుకోండి. అది ఐదు గంటలకి పైమాటే. సాయంత్రం ఆరు వంటని లక్ష్యంగా పెట్టుకోండి. డిసెంబరులో అయితే నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి ఆ దారి వేసవికే ఉంచుకోవడం మంచిది. మ్యాపు: ఆర్డినెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 1. దాంట్లో పబ్ ఉన్నచోట నీలం రంగు బీరు మగ్గు గుర్తు ఉంటుంది. లోయలో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి ఫోన్ మ్యాపునే నమ్ముకుని వెళ్ళేవాళ్ళు ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

సంచిలో ఏమేం పెట్టుకోవాలి

నడకకి కావలసిన వానకోటు, నీళ్ళు, టార్చి మామూలే. పబ్ కోసం విడిగా పెట్టుకోవలసినవి నాలుగు: ఒక జత పొడి సాక్సులు, బురద బూట్లు దూర్చడానికి రెండు పెద్ద ప్లాస్టిక్ సంచులు, వయసు రుజువు, కొంత నగదు. ఇరవై ముప్పై పౌండ్లు చాలు. ఎక్కువచోట్ల కార్డు తీసుకుంటారు గానీ కొండల్లో నెట్ పోయిందంటే కార్డు మిషన్ కూడా పోయినట్టే.

మద్యం కొనడానికి పద్దెనిమిది నిండితే చాలు. కానీ ఇరవై అయిదు లోపు కనపడిన ప్రతివాళ్ళనీ రుజువు అడగడం అక్కడ ఆనవాయితీ. యూనివర్సిటీ ఐడీ కార్డు సాధారణంగా చెల్లదు. పాస్‌పోర్టు గానీ, ఫోటో ఉన్న బ్రిటన్ డ్రైవింగ్ లైసెన్సు గానీ చూపాలి. పాస్‌పోర్టుని వానలో కొండ మీదికి మోయడం ఇష్టం లేనివాళ్ళు ప్రొవిజనల్ (మన లెర్నర్ లాంటి) లైసెన్సు తీసుకోవడం తెలివైన పని, కారు నడిపే ఉద్దేశం లేకపోయినా.

పులిహోర, చపాతీలు, ఆవకాయ డబ్బా పట్టుకెళ్ళేవాళ్ళు వాటిని మామ్ టార్ మీదే ముగించాలి. పబ్ లోపల గానీ, బయటి బల్లల దగ్గర గానీ సొంత తిండి విప్పకూడదు. ఇంగ్లిషువాళ్ళ శాండ్‌విచ్‌కీ ఇదే నియమం. మనవాళ్ళ మీద ప్రత్యేకంగా పెట్టింది కాదు.

గుమ్మం దగ్గర

కిండర్ మీది నేల నల్లటి పీట్ మట్టి, కుళ్ళిన మొక్కలతో ఏర్పడిన తడి నేల. ఎండాకాలంలో కూడా బూట్లకి పిండిముద్దలా అంటుకుంటుంది. లోపలికి వెళ్ళేముందు గుమ్మం మీదా పక్కనా రాసిన బోర్డు చదవండి. "మడ్డీ బూట్స్ వెల్కమ్" అని ఉంటే బయట ఉన్న ఇనుప పట్టీకి అరికాలు గీకి, పట్టా మీద తుడుచుకుని వెళ్ళిపోవచ్చు. ఏమీ రాసి లేకపోతే నేల చూడండి. రాతి పలకలు పరిచిన గది నడిచేవాళ్ళ కోసం, తివాచీ ఉన్న గది భోజనాల కోసం. లేక్ డిస్ట్రిక్ట్ గ్రేట్ లాంగ్డేల్ లోయలోని ఓల్డ్ డంజన్ గిల్‌లో హైకర్స్ బార్ ఒకప్పుడు పశువుల కొట్టం. అలాంటి చోట బూట్ల గురించి ఎవరూ పట్టించుకోరు. తివాచీ ఉంటే మాత్రం బూట్లు వరండాలో విప్పి, సంచిలో పెట్టి, సాక్సులతో లోపలికి వెళ్ళండి. సాక్సులతో తిరగడం అక్కడ చిన్నతనం కాదు.

వాకింగ్ స్టిక్కులు గుమ్మం మూల నిలబెట్టాలి. బ్యాగు కుర్చీ మీద కాకుండా బల్ల కింద పెట్టాలి. తడి కోటు కొక్కేనికి తగిలించాలి. పొయ్యి ముందున్న ఇనుప జాలీ మీద ఆరేయకండి. వానకోటు లోపలి పూత వేడికి ఊడొస్తుంది, పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళకి పొగా వాసనా తగులుతాయి.

లోపల కుక్కలు ఉంటాయి. నడక ప్రాంతపు పబ్‌లో ఇది దాదాపు ఖాయం. కుక్కలంటే భయం ఉంటే మొహమాటపడకుండా "ఈజ్ దేర్ ఏ డాగ్-ఫ్రీ రూమ్?" అని అడగండి. తరచుగా భోజనాల గదిలోకి కుక్కల్ని రానివ్వరు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు కూడా లోపలికి రాగానే అడగాలి. పెద్దవాళ్ళతో ఉన్న పిల్లల్ని పగలు చాలా పబ్‌లు రానిస్తాయి, రాత్రి ఫలానా గంట తర్వాత వద్దంటాయి. కౌంటర్ దగ్గర మాత్రం పిల్లల్ని నిలబెట్టకూడదు.

కూర్చునే చోటు: "రిజర్వ్‌డ్" చీటీ లేని ఏ బల్ల అయినా మీదే. సగం ఖాళీగా ఉన్న పెద్ద బల్ల దగ్గర "ఈజ్ ఎనీవన్ సిట్టింగ్ హియర్?" అని అడిగి చేరొచ్చు. కౌంటర్ చివర ఎత్తు స్టూళ్ళు మాత్రం వదిలేయండి. మీద పేరు రాసి ఉండదు గానీ, రోజూ సాయంత్రం వచ్చే ఊరివాళ్ళు అక్కడే కూర్చుంటారు.

కౌంటర్ దగ్గర: అసలు పని ఇక్కడే

ముందు బల్ల చూసుకుని, దాని మీద అంకె ఉంటే గుర్తుపెట్టుకుని, ఒకరిని అక్కడ కూర్చోబెట్టి, ఒక్కరే కౌంటర్‌కి వెళ్ళండి. ఎనిమిదిమందీ వెళ్ళి నిలబడితే మిగతావాళ్ళకి దారి ఉండదు, ఎవరికి ఏం కావాలో పనిచేసేవాళ్ళకీ అర్థం కాదు.

వరుస కనపడదు కానీ ఉంటుంది. కౌంటర్ పొడుగునా మనుషులు విడివిడిగా నిలబడి ఉంటారు, ఎవరు ఎవరి తర్వాత వచ్చారో అందరికీ తెలుసు. మీరు వచ్చేసరికి ఎవరెవరు ఉన్నారో ఒకసారి చూసుకోండి. వాళ్ళందరికీ అయ్యాకే మీ వంతు. లోపలున్న మనిషి పొరపాటున మిమ్మల్ని ముందు అడిగితే "దే వర్ ఫస్ట్" అని పక్కవాళ్ళని చూపించండి. ఈ ఒక్క మాటతో ఆ గదిలో మీకు మర్యాద వస్తుంది. చెయ్యి ఊపడం, చిటికె వేయడం, నోటు ఆడించడం, "బాస్" అని కేకేయడం పనికిరావు. కౌంటర్ మీద చెయ్యి ఆన్చి, లోపలివాళ్ళ కళ్ళలోకి చూసి తల పంకిస్తే సరిపోతుంది. డెర్బీషైర్‌లో మిమ్మల్ని "డక్" అనో "లవ్" అనో పిలవచ్చు. అది అక్కడి మామూలు పలకరింపు, వెటకారం కాదు.

ఆర్డర్ అంతా ఒకేసారి చెప్పాలి. ఒక్కొక్కటి అయ్యాక మరొకటి గుర్తుచేసుకోకూడదు. గిన్నిస్ అనే నల్లబీరు ఉంటే అది మొదట చెప్పండి. సగం పోసి, నురగ దిగేదాకా ఆపి, మళ్ళీ నింపుతారు కాబట్టి రెండు నిమిషాలు పడుతుంది. ఈలోగా మిగతావి పోస్తారు. చివర్లో గిన్నిస్ చెప్పేవాళ్ళ మీద బార్ వెనకవాళ్ళకి ఉండే చిరాకు చాలా పాతది.

డబ్బు అప్పుడే ఇచ్చేయాలి. కొన్నిచోట్ల "షల్ ఐ ఓపెన్ ఏ ట్యాబ్?" అని కార్డు తీసుకుని ఖాతా తెరుస్తారు. చివర్లో మొత్తాన్ని తొమ్మిది కార్డుల మీద విడగొట్టమని అడగడం మాత్రం వద్దు. దానికి అక్కడ ఉన్న పద్ధతి రౌండ్లు: ఒక్కొక్కరూ ఒక్కో విడత అందరికీ కొంటారు. "నేనిస్తా, నువ్వుండరా" అనే మన గొడవకి ఇది చక్కటి పరిష్కారం, ఎందుకంటే అందరి వంతూ వస్తుంది. చిక్కల్లా సంఖ్యతోనే. ఎనిమిదిమంది ఒకే రౌండ్‌లో ఉంటే ఎనిమిది విడతలు తాగాలి. నలుగురు చొప్పున విడిపోండి, లేదా హాఫ్‌లు (సగం గ్లాసులు) తీసుకోండి. తాగనివాళ్ళు, ఒక్కటితో ఆపేవాళ్ళు మొదట్లోనే "ఐయామ్ గెటింగ్ మై ఓన్" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. మూడు రౌండ్లు ఇతరుల డబ్బుతో తాగి, తన వంతు వచ్చేసరికి రైలు టైమయిందని లేచేవాడిని మాత్రం గుర్తుపెట్టుకుంటారు.

టిప్పు కౌంటర్ దగ్గర ఇవ్వనక్కర్లేదు. సేవ బాగా నచ్చితే "అండ్ వన్ ఫర్ యువర్‌సెల్ఫ్" అనండి. వాళ్ళు ఒక డ్రింక్ ధర గానీ, అంతకన్నా తక్కువ గానీ మీ బిల్లులో కలుపుకుంటారు.

ఏం తాగాలి, ఎంత

కౌంటర్ మీద నిలువుగా ఉన్న చెక్క పిడులు చేతిపంపులు. వాటి కింద గదిలో పీపాలు ఉంటాయి. పీపాలో ఈస్ట్ బతికే ఉంటుంది, బీరు అక్కడే పూర్తిగా తయారవుతుంది. దీన్ని కాస్క్ ఏల్ అంటారు. 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంచుతారు కాబట్టి మంచుగడ్డలా చల్లగా ఉండదు, గ్యాసు తక్కువ. "వేడిగా ఉంది, చెడిపోయింది" అని తిప్పి పంపేముందు ఇది గుర్తుంచుకోండి. చల్లటిదే కావాలంటే పక్కనున్న లోహపు కుళాయిల్లోంచి వచ్చే లాగర్ రకం బీరు అడగాలి. ఒకప్పుడు కాస్క్ ఏల్ దాదాపు కనుమరుగయ్యే స్థితి వస్తే, దాన్ని కాపాడడానికే 1971లో కామ్రా అనే వినియోగదారుల సంఘం పుట్టింది.

ప్రతి పిడికీ ఉన్న బిళ్ళ మీద పేరూ, ఆల్కహాల్ శాతమూ ఉంటాయి. బిళ్ళ వెనక్కి తిప్పి ఉంటే ఆ బీరు అయిపోయిందని. ఏది ఎలా ఉంటుందో తెలియకపోతే "కుడ్ ఐ ట్రై ఏ టేస్ట్?" అంటే చిన్న గ్లాసులో గుక్కెడు పోస్తారు. కాస్క్ ఏల్‌కి ఇది మామూలే. రెండు రుచులు చూడడం వరకూ బాగుంటుంది, వెనక మనుషులు నిలబడి ఉండగా ఆరు చూడడం బాగుండదు.

పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, హాఫ్ 284. మన 650 మిల్లీలీటర్ల సీసాతో పోలిస్తే పైంట్ చిన్నదే. మద్యాన్ని అక్కడ యూనిట్లలో కొలుస్తారు. ఆ లెక్క: మిల్లీలీటర్లని శాతంతో గుణించి వెయ్యితో భాగించండి. షెఫీల్డ్ దగ్గరి బ్రాడ్‌ఫీల్డ్ వాళ్ళ ఫార్మర్స్ బ్లాండ్ అనే బీరు 4 శాతం, పైంట్‌కి 2.3 యూనిట్లు. బేక్‌వెల్‌లో థార్న్‌బ్రిడ్జ్ వాళ్ళు చేసే జైపూర్ అనే ఇండియా పేల్ ఏల్ 5.9 శాతం, పైంట్‌కి 3.4 యూనిట్లు. బ్రిటన్ వైద్యుల సూచన వారానికి 14 దాటొద్దని. జైపూర్ తేలిగ్గా దిగుతుంది, రెండోది తాగాక గానీ పట్టు తెలియదు. పేరు చూసి మనదేనని మొదలుపెట్టేవాళ్ళు హాఫ్‌తో మొదలుపెట్టడం మంచిది. విస్కీలాంటివి సింగిల్ 25 లేదా 35 మిల్లీలీటర్లు. మన "లార్జ్" 60 కాబట్టి అక్కడి సింగిల్ మీ కంటికి ఆనదు.

గ్లాసు అంచు దాకా కొలిచే రకమైతే నురగ కొంత ఉండడం మామూలు. ఉత్తర ఇంగ్లండ్‌లో పంపు మూతికి సన్న రంధ్రాల చిన్న ముక్క తగిలిస్తారు, అందుకే వెన్నలాంటి నురగ వస్తుంది. మరీ రెండు వేళ్ళ మందం ఉంటే "కుడ్ యు టాప్ దట్ అప్, ప్లీజ్?" అనండి. కాదనరు.

బీరు నిజంగానే చెడిపోతే? పీపా తెరిచాక లోపలికి గాలి పోతుంది, మూడు రోజుల్లో అమ్ముడవ్వకపోతే పులుస్తుంది. వెనిగర్ వాసన, పులుపు, చప్పబడిన రుచి దాని గుర్తులు. ఒక్క మబ్బుతనాన్ని బట్టి చెప్పలేం, కొన్ని బీర్లు కావాలనే అలా చేస్తారు. ఒకటి రెండు గుక్కలకే గ్లాసు తీసుకెళ్ళి "ఐ థింక్ దిస్ మైట్ బి ఆన్ ఇట్స్ వే అవుట్" అని నెమ్మదిగా చెప్పండి. మంచి పబ్ మారు మాట లేకుండా మార్చి ఇస్తుంది. మూడొంతులు తాగేశాక చెబితే నమ్మరు.

తాగనివాళ్ళకి: లైమ్ అండ్ సోడా అన్నిటికన్నా చవక, మన నిమ్మసోడాకి దగ్గర, కాకపోతే తియ్యటి సిరప్‌తో చేస్తారు. జింజర్ బీర్‌లో మామూలుగా ఆల్కహాల్ ఉండదు గానీ, ఉన్న రకాలూ అమ్ముతారు కాబట్టి అడిగి తీసుకోండి. కుళాయి నీళ్ళు అడిగితే ఉచితంగా ఇవ్వాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో అది లైసెన్సు షరతు. బీరుకి ముందు అరలీటరు నీళ్ళు తాగడం నడిచొచ్చిన ఒంటికి మంచిది. దాహంతో తాగిన మొదటి పైంట్ రెండు నిమిషాల్లో అయిపోయి, తలకి ఎక్కేది అందుకే. ఇంకా ఎక్కాల్సిన కొండ మిగిలి ఉంటే అసలు తాగొద్దు. మద్యం చర్మానికి రక్తం పంపి వెచ్చగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది, ఒంట్లో వేడి మాత్రం బయటికి పోతుంది.

భోజనం, ముఖ్యంగా శాకాహారులకి

భోజనం కూడా కౌంటర్ దగ్గరే చెప్పి, బల్ల అంకె ఇవ్వాలి. తెచ్చిపెట్టేది వాళ్ళే. కత్తులు, ఫోర్కులు, ఉప్పు, వెనిగర్, సాసులు ఓ మూల ఉంటాయి, మీరే తెచ్చుకోండి.

మెనూలో "వి" గుర్తు ఉంటే మాంసం, చేప లేవని మాత్రమే అర్థం. గుడ్డు ఉండొచ్చు. గుడ్డు తినని ఇళ్ళవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. యార్క్‌షైర్ పుడింగ్ పిండి, పాలు, గుడ్డుతోనే చేస్తారు. "పై" (కూర నింపి కాల్చే పిండివంట) పొర మీద మెరుపు కోసం గుడ్డు పూస్తారు, మాంసానికి బదులు వాడే క్వార్న్ ఉత్పత్తుల్లో చాలావాటిలో గుడ్డు తెల్లసొన ఉంటుంది, కేకుల సంగతి చెప్పనక్కర్లేదు. గుడ్డు వద్దనుకుంటే "వీగన్" గుర్తున్నది తీసుకుని, పక్కన వెన్న, పెరుగు విడిగా అడగడం తేలిక.

చిప్స్, అంటే అక్కడ వేడివేడి ఫ్రెంచ్ ఫ్రైస్ లాంటివి, వాటి విషయంలో తప్పకుండా అడగాలి. ఉత్తర ఇంగ్లండ్‌లో కొన్నిచోట్ల ఇప్పటికీ గొడ్డు కొవ్వులో వేయిస్తారు. దాన్ని బీఫ్ డ్రిప్పింగ్ అంటారు. "ఆర్ ద చిప్స్ ఫ్రైడ్ ఇన్ వెజిటబుల్ ఆయిల్?" ఆ వెంటనే "సేమ్ ఫ్రైయర్ యాజ్ ఫిష్?" అని కూడా అడగండి. నూనె శాకాహారమే అయినా చేప వేయించింది అందులోనే కావచ్చు. గ్రేవీ, సూప్ మాంసం ఉడికించిన నీళ్ళతో చేసి ఉండొచ్చు. కొన్ని పుడింగుల పైపొరలో సూయెట్ అనే గొడ్డు కొవ్వు కలుపుతారు. గొడ్డు మాంసం తినని మాంసాహారులు "పై ఆఫ్ ద డే" అని మాత్రమే రాసి ఉంటే లోపల ఏముందో అడక్కుండా చెప్పొద్దు, చాలాసార్లు అది స్టేక్ అండ్ ఏల్. కంబర్లాండ్ సాసేజ్ పంది మాంసం.

నమ్మదగ్గవి: పొట్టుతో కాల్చిన జాకెట్ పొటాటో, బీన్స్, చీజ్‌తో. ప్లౌమన్స్ లంచ్, అంటే బ్రెడ్డు, చెడార్ ముక్క, తియ్యటి నల్లని పికిల్, ఊరగాయ ఉల్లి. దీంట్లో హామ్ గానీ పోర్క్ పై గానీ పెడతారేమో అడిగి వద్దనండి. చీజ్‌లో దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడతారా అన్నది పట్టించుకునేవాళ్ళు "వెజిటేరియన్ చీజ్" అని అడగాలి. మన నాలుకకి అంతా చప్పగానే అనిపిస్తుంది, ఇంగ్లిష్ మస్టర్డ్ ఉంటే అడగండి, ఘాటు ముక్కుకి తగులుతుంది.

బీరులోనూ ఒక మెలిక ఉంది. కాస్క్ ఏల్ తేరుకోవడానికి చాలామంది ఐసింగ్లాస్ వాడతారు. అది చేప గాలితిత్తిలోంచి తీసిన పదార్థం. మడ్డిని కిందికి లాగేస్తుంది, గ్లాసులోకి దాదాపు రాదు, అయినా వాడారన్నది నిజం. బిళ్ళ మీద ఆ సంగతి రాయరు. వద్దనుకుంటే "అన్‌ఫైన్డ్" అని గానీ "వీగన్" అని గానీ ఉన్నది అడగండి. గిన్నిస్ వాళ్ళు దాన్ని వాడడం మానేశారు.

మంచింగ్‌కి క్రిస్ప్స్ ప్యాకెట్ కొని, మూడు వైపులా చించి, వెడల్పుగా విప్పి బల్ల మధ్యలో పెడతారు, అందరూ తీసుకోవడానికి. పోర్క్ స్క్రాచింగ్స్ అనే ప్యాకెట్ పంది చర్మం వేపుడు. కవరు చూసి క్రిస్ప్స్ అనుకుని తినేసేవాళ్ళు ఉన్నారు.

ధరలు: పైంట్ సుమారు 5 పౌండ్లు, అటూ ఇటూ. పూర్తి భోజనం పదిహేను పౌండ్లు, పైన. ఊరికి దూరమైనకొద్దీ ఎక్కువే ఉంటుంది.

బయల్దేరడం

కారులో వచ్చినవాళ్ళలో నడిపేవాళ్ళు ఏమీ తాగకపోవడమే లెక్క. ఇంగ్లండ్‌లో చట్ట పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములు, స్కాట్లండ్‌లో 50. మీ ఒంటికి అది ఎన్ని గ్లాసులో ఎవరూ చెప్పలేరు. పబ్ కారు పార్కు ఆ పబ్‌కి వచ్చినవాళ్ళ కోసం. పొద్దున అక్కడ పెట్టి కొండకి వెళ్ళాలంటే అడిగి పెట్టాలి.

చలికాలంలో కారుతో మారుమూల పబ్‌లకి వెళ్ళేముందు వాతావరణం చూడండి. యార్క్‌షైర్ డేల్స్‌లో 528 మీటర్ల ఎత్తున ఉన్న టాన్ హిల్ ఇన్‌లో 2021 నవంబరులో, అర్వెన్ తుఫాను మంచు దారి మూసేస్తే, ఒక సాయంత్రానికని వెళ్ళిన అరవై మందికి పైగా మూడు రాత్రులు అక్కడే ఉండిపోయారు. అన్నీ దొరికాయి గానీ, సోమవారం ఆఫీసుకి మాత్రం వెళ్ళలేకపోయారు.

మూసే వేళకి ముందు గంట కొడతారు, "లాస్ట్ ఆర్డర్స్" అని. ఇంకొకటి కావాలంటే అప్పుడే. రెండోసారి గంట కొట్టి "టైమ్, ప్లీజ్" అన్నాక ఇక పోయరు, చేతిలో ఉన్నది తాగడానికి సుమారు ఇరవై నిమిషాలు ఇస్తారు. ఖాళీ గ్లాసులు కౌంటర్ మీద పెట్టి "చియర్స్, థాంక్స్" అని చెప్పి రండి. పల్లెలో ఈ చిన్న పని గమనిస్తారు.

ఓల్డ్ నాగ్స్ హెడ్ నుంచి స్టేషన్‌కి పది పదిహేను నిమిషాల నడక. దారిలో వెలుతురు తక్కువ కాబట్టి టార్చి చేతిలో ఉండాలి, కార్లకి ఎదురుగా ఉండేట్టు రోడ్డుకి కుడిపక్కన నడవాలి. ప్లాట్‌ఫారాలు రెండు, ఒకటి మాంచెస్టర్ వైపు, ఒకటి షెఫీల్డ్ వైపు. రైళ్ళ మధ్య గంటకి పైగా ఖాళీ ఉండొచ్చు, ఆదివారం వేళలు వేరు, పనులు జరుగుతుంటే రైలు బదులు బస్సు వేస్తారు. తిరుగు రైలు వేళనీ, దాని తర్వాతిదాన్నీ పొద్దున దిగినప్పుడే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. రాత్రి ఆఖరి రైలు పోతే లోయలో టాక్సీ పిలవడానికి సిగ్నల్ దొరకదు. అప్పుడు పబ్‌కే తిరిగి వెళ్ళి వాళ్ళ ఫోన్ అడగాలి, మూసేయకముందే.